ప్రశ్న నెంచుకొనుటలోని ధర్మము

మధ్యయుగ తత్త్వశాస్త్రమున పరిశోధన చేయగోరు విద్యార్థికి మొదట ఎదురగు చిక్కు గ్రంథముల కొరత కాదు, ప్రశ్న నెంచుకొనుట. శరణ సంప్రదాయమున పెరిగినవాడు ఆ సంప్రదాయమునే పరిశోధింప బూనినపుడు ఈ చిక్కు ధర్మసందేహముగా మారును. తాను నమ్మినదానిని నిలబెట్టుటకై ప్రశ్న వేయవచ్చునా? లేక సమాధానము తనకు రుచింపకపోయినను సరేయని వేయవలెనా?

‘వీరశైవమున కాయకము’ అనునది విషయమే గాని ప్రశ్న కాదు. ‘కాయక సిద్ధాంతము గొప్పది కాదా?’ అనునది ప్రశ్న వేషము ధరించిన స్తుతి. స్తుతికి పూజామందిరము చాలును.

ఆయ్దక్కి మారయ్య కథ శరణుల ఇండ్లలో తెలిసినదే. రాలిన బియ్యము నేరి తెచ్చి జంగమదాసోహము చేయుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందుకు భార్య లక్కమ్మ మందలించి, ఆ బియ్యమును తిరిగి పోసి రమ్మని పంపెను. ఈ దంపతులు 12వ శతాబ్దివారు. వారి వచనములను సంభాషణగా కూర్చిన గూళూరు సిద్ధవీరణార్యుని శూన్యసంపాదనము 300 ఏండ్లకు పైబడిన తరువాతది. ఇచ్చట నిజమైన ప్రశ్న యొకటి పుట్టును: కాయకము లింగపూజకు అంగమా, లేక అదియే లింగపూజయా? ఈ విషయమున దంపతుల వచనములు విడిగా చెప్పునదియు, కూర్పరి యేర్పరచిన క్రమము వానిచే చెప్పించునదియు ఒక్కటేనా?

ఈ ప్రశ్నకు హద్దు కలదు. చూడవలసిన మూలములు కలవు. సమాధానము ముందుగా తెలియదు. తెలుగు విద్యార్థి దీనికై పాత కన్నడమును నేర్వక తప్పదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునకును, భీమకవి 1369లో రచించిన దాని కన్నడ రూపమునకును నడుమ కూడ ఇట్టి ప్రశ్నయే వేయవచ్చును.

తాము శరణుల వాక్కని తలచినదానిలో కొంత కూర్పరి భావమని తేలినచో భక్తికి లోపము కలుగదా యని పెద్దలు శంకింపవచ్చును. ఆ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఒకరి మాటను మరియొకరి నోట నుంచుట ఆ యిరువురికిని అపచారమే. ఎవరి మాటను వారికి అప్పగించుటయే వారియెడ గౌరవము. ఆచారమును ప్రశ్నించియే బసవేశ్వరుడు మార్గము చూపెను. ఆ మార్గమున నడచువారికి ప్రశ్న పరాయిది కాదు.

అవసరమైనంతయే తెచ్చుట, తెచ్చినదానిని కల్తీ లేక సమర్పించుట: లక్కమ్మ భర్తకు గుర్తుచేసిన ఈ నియమమే పరిశోధకుని కాయకమునకును నియమము.