చెవిలో హోరుతో ఉన్న బిడ్డకు

బిడ్డా,

డాలస్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజి రెండుసార్లు విన్నాను. చెవిలో గుయ్‌మనే మోత కొన్ని నెలలుగా ఆగడం లేదనీ, అర్ధరాత్రి దాటినా నిద్రపట్టక ఫోన్‌లో మందుల కోసం వెతుకుతున్నాననీ అన్నావు. నాలుక మీద పెట్టుకునే మిషన్ ఏదో వచ్చిందట, కొనమంటావా పెద్దనాన్నా అని అడిగావు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్డులో అరిగిన చెవులు నావి. ఆ మోత నాకూ ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా వినిపిస్తూనే ఉంది. అందుకే నీకు చెప్పడానికి నాకు చనువుంది.

ముందు నీ భయం తగ్గాలి. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు దెబ్బతింటే కొన్ని శబ్దాలు మెదడుకు చేరవు. స్టేషను సరిగా పట్టని రేడియోకు మనం వాల్యూమ్ పెంచినట్టే మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది. అప్పుడు వచ్చే గరగర లాంటిదే చాలామందిలో ఈ టినిటస్. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని బయటి శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, వాళ్లలో 94 శాతం మందికి ఏదో ఒక మోత వినిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అలా ఉంటే, తలుపులన్నీ మూసుకుని పడుకునే నీకు ఎంత పెద్దగా వినపడుతుందో ఆలోచించు. రాత్రి ఫ్యాన్ వేసుకో, లేదా వాన చప్పుడు సన్నగా పెట్టుకో. రోజంతా చెవుల్లో దూది కుక్కుకుని తిరగకు. పెద్ద చప్పుళ్లున్న చోట మాత్రం తప్పక రక్షణ పెట్టుకో. మీ అమ్మ చెప్పిందని గోరువెచ్చని వెల్లుల్లి నూనె పోసుకోవద్దు, చెవిపొర బాగుందో లేదో తెలియకుండా చెవిలో ఏదీ పోయకూడదు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం నాకు ఫోన్ చేసేలోపే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే ఒక్కరోజు కూడా ఆగవద్దు, స్టెరాయిడ్లు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. మోత ఒక చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకునే లయలోనే వినిపిస్తున్నా, కళ్లు తిరుగుతున్నా దానికి వేరే పరీక్షలు, స్కానింగులు ఉంటాయి. ఒక్కోసారి గులిమి గట్టిపడినా మోత వస్తుంది. కొన్ని మందుల వల్లా రావచ్చు కాబట్టి నువ్వు వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించు.

ఇక ఆ మిషన్ సంగతి. దాని పేరు లెనైర్, ఐర్లండ్‌లోని డబ్లిన్ కంపెనీది. హెడ్‌ఫోన్లలో శబ్దాలు వినిపిస్తూ, నాలుక కొసకు సన్నని విద్యుత్ స్పందనలు ఇస్తుంది. రెండు దారుల నుంచి ఒకేసారి కబురు అందితే మెదడు ఆ మోత మీది ధ్యాసను తగ్గించుకుంటుందని వాళ్ల ఆలోచన. 326 మందితో చేసిన 12 వారాల పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి, 2023 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. చాలామందికి బాధ తగ్గిందన్నది నిజమే. అయితే ఆ పెద్ద పరీక్షలో ఉత్తుత్తి చికిత్స ఇచ్చి పోల్చి చూసిన వర్గం లేదు. మిషన్ వల్ల ఎంత మేలు జరిగిందో, మనల్ని పట్టించుకుంటున్నారన్న ధైర్యం వల్ల ఎంత జరిగిందో దాన్నుంచి విడదీయలేం. మిషిగన్ విశ్వవిద్యాలయంలో సూసన్ షోర్ బృందం 2023లో 99 మందితో ప్రచురించిన పరీక్ష ఈ విషయంలో గట్టిది, ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూశారు. దవడ, మెడ కదిపితే మోత మారేవాళ్ల కోసం చేసిన పరీక్ష అది. నీకు అలా మారుతుందేమో ఒకసారి పళ్లు బిగించి చూసుకో, మారితే డాక్టరుకు చెప్పు.

నా మాటేమిటంటే, లెనైర్‌ను కాదనను గానీ దానితో మొదలుపెట్టవద్దు. వేల డాలర్ల వ్యవహారం. ముందు వినికిడి పరీక్ష చేయించుకో. వినికిడి తగ్గిందని తేలితే హియరింగ్ ఎయిడే చాలామందికి మోతను వెనక్కి నెడుతుంది. ఆ తర్వాత సీబీటీ అనే కౌన్సెలింగు. 2020లో కోక్రేన్ సంస్థవాళ్లు 28 అధ్యయనాలను కలిపి చూశారు, టినిటస్ వల్ల కలిగే బాధను సీబీటీ తగ్గిస్తుందని తేలింది. మోత మోతగానే ఉండవచ్చు, అది నీ రోజును పాడుచేయడం తగ్గుతుంది. ఈ జబ్బును నయం చేస్తుందని ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మాత్ర ఇంతవరకు ఒక్కటీ లేదు. జింక్ మాత్రలు, గింకో మాత్రలు వద్దని అమెరికా ఈఎన్‌టీ డాక్టర్లు 2014లోనే రాసిపెట్టారు. గ్యారంటీ అని అమ్మేవాళ్లకు నీ డబ్బు ఇవ్వకు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది నువ్వన్న చివరి మాట, ‘ఎవరికీ చెప్పలేదు’ అన్నావు. అది వద్దు బిడ్డా. షెడ్డు మానేశాక మేం కొందరం సాయంత్రాలు టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్లం. ఒకాయన ‘రాత్రయితే నా చెవుల ఇంకా మగ్గం నడుస్తనే ఉంటది’ అన్నాడు. నాకూ అంతే అని పక్కవాడు, నాకూ అంతే అని నేను. అన్నేళ్లూ ఎవరికి వాళ్లం మాకొక్కరికే అనుకున్నాం. ఎవరెలా పడుకుంటున్నారో, పక్కింటి టీవీ ఎంత సాయమో మాట్లాడుకున్నాం. మాలో ఎవరి మోతా తగ్గలేదు, కానీ ఆ రాత్రుల్లో ఉండే ఒంటరితనం తగ్గింది. డాక్టరు పది నిమిషాల్లో ఇవ్వలేనిది అది.

అక్కడ నీకూ మనుషులున్నారు. 1971లో మొదలైన అమెరికన్ టినిటస్ అసోసియేషన్ దగ్గర సహాయక బృందాల జాబితా ఉంటుంది, ఇదే బాధ పడుతూ తోటివాళ్లతో మాట్లాడే స్వచ్ఛంద కార్యకర్తలుంటారు. బృందాన్ని మాత్రం చూసి ఎంచుకో. అలవాటుపడి బాగున్నవాళ్లు సాధారణంగా ఇలాంటి చోటికి రావడం మానేస్తారు, ఇంకా బాధలో ఉన్నవాళ్ల మాటలే ఎక్కువ వినిపిస్తాయి. అది విని ఇక జీవితాంతం ఇంతేనని బెంబేలెత్తకు. ఆడియాలజిస్టో కౌన్సిలరో పక్కన ఉండి నడిపే బృందమైతే మంచిది. అక్కడి నుంచి ఇంటికొచ్చాక మనసు తేలికపడుతుంటే కొనసాగు, రోజంతా మోతనే తలుచుకునేలా చేస్తుంటే మానెయ్. అల్లుడికీ విడమర్చి చెప్పు, ఈ మోత వినపడనివాళ్లు ‘పట్టించుకోకు’ అని తేలిగ్గా అనేస్తారు. చచ్చిపోవాలనిపించేంత చీకటి ఎప్పుడైనా కమ్మితే అమెరికాలో 988కి ఫోన్ చెయ్, ఇక్కడ టెలీ మానస్ 14416 ఉంది. నాకు ఏ వేళకైనా సరే చెయ్, పెద్దవాడు పడుకున్నాడేమోనని చూడకు.

ఈ వారమే వినికిడి పరీక్షకు ఆడియాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకో. ఆ రిపోర్టు చేతికొచ్చాకే మిషన్ సంగతి మాట్లాడదాం.