పట్టు లేని చక్రం

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు నుంచి పొద్దున్నే నల్లగండ్లకు కూరగాయలు తెచ్చే పికప్ బండ్లను వానాకాలంలో ఒకసారి గమనించండి. వెనక మడ్‌గార్డుల లోపల నల్లరేగడి పొరలు పొరలుగా అంటుకుని ఉంటుంది. ఇంజిన్ బలం వెనక రెండు చక్రాలకే అందే మామూలు బండ్లవి. ముందు చక్రాలు దారి తిప్పుతాయే గానీ లాగవు. అయినా పొలంలోకి దిగి, సరుకెత్తుకుని, బురద దాటి, మన అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గరికి వేళకు చేరుతున్నాయి. ఆ నేర్పులో సాధకుడికి పనికొచ్చే శాస్త్రం ఉందని నా గట్టి నమ్మకం.

వేదాంతం తన దగ్గరికి వచ్చినవాణ్ణి నాలుగు అడుగుతుంది: వివేకం, వైరాగ్యం, శమదమాది షట్క సంపత్తి, ముముక్షుత్వం. శంకరుల పేర ప్రసిద్ధమైన తత్త్వబోధ ఈ సాధన చతుష్టయంతోనే మొదలవుతుంది. నాలుగూ ఉన్నవాడు నాలుగు చక్రాలకూ బలం అందే బండి లాంటివాడు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు కర్మాగారం నుంచి బరువులు మోసే రెండు చక్రాల డీ-మ్యాక్సూ వస్తుంది, కొండలెక్కే నాలుగు చక్రాల వీ-క్రాసూ వస్తుంది. పుట్టిల్లు ఒకటే, అధికారం వేరు. మరి ఆ నాలుగూ లేనివాళ్లు తారు రోడ్డు దిగకూడదా? మనసును పట్టడం గాలిని పట్టడమంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకుంటే కృష్ణుడు ఆ కష్టాన్ని కాదనలేదు. అభ్యాసం, వైరాగ్యం అని రెండే చెప్పాడు. పతంజలి కూడా చిత్తవృత్తుల నిరోధానికి ఆ రెండే చాలన్నాడు. మనబోటి గృహస్థులకు ఇంతకంటే ఊరట ఉందా?

అయితే ఆ రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి. చిక్కంతా అక్కడే.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. అందుకోసం ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ పెట్టారు. రెండు చక్రాలకు వేర్వేరు వేగాలను అది అనుమతిస్తుంది, బలాన్ని మాత్రం ఎప్పుడూ సమానంగానే పంచుతుంది. తారు రోడ్డు మీద ఈ సమానత్వం వరం. గోపన్‌పల్లి, తెల్లాపూర్ వైపు రాతి నేలల్లో వాన వెలిసిన మర్నాడు అదే శాపం. ఎడమ చక్రం 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద ఉంది, కుడి చక్రం నిన్నటి వాన బురదలో ఉంది అనుకోండి. బురదలోని చక్రం జారుతూ తిరగడానికి ఎంత కొద్ది బలం చాలో, రాతి మీది చక్రానికీ అంతే అందుతుంది. అది బండిని కదిలించడానికి చాలదు. కుడి చక్రం గిర్రున తిరుగుతుంది, ఎడమ చక్రం అంత గట్టి నేల మీద ఉండీ కదలదు.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం అందరికీ తెలుసు. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు. అక్కడే మరో మాట ఉంది, దాని మీద మనం ఎక్కువసేపు నిలవం: ఆ గుర్రాలు నడిచే దారులే విషయాలు. జారుడు నేల ఎక్కడో బయట లేదు, రోజూ మనం నడిచే దారే అది. అభ్యాసం రాతి మీద ఉండవచ్చు. తెల్లవారుజామున లేస్తాం, జపం చేస్తాం, పారాయణ తప్పం. ఇరుసుకు రెండో కొసన వైరాగ్యం ఉండవలసిన చోట పక్కింటివాడి ప్రమోషన్ మీద, కొత్త ఫ్లాటు మీద మనసు జారుతూ ఉంటే, ఇన్నేళ్ల జపం మనల్ని జానెడు కూడా ముందుకు లాగదు. జపంలో లోపం లేదు. జారే చక్రం ఎంత బలాన్ని నిలుపుకోగలదో గట్టి చక్రానికీ అంతే దక్కుతోంది. చాలామంది చిత్తశుద్ధి గల సాధకుల నిరాశకు కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది.

అప్పుడు సహజంగా ఎవరైనా చేసే పని యాక్సిలరేటర్ తొక్కడం. వెయ్యి జపం రెండు వేలు చేస్తారు, ఒక ఉపవాసం మూడవుతుంది. ఇంజిన్ హోరెత్తుతుంది, మీటరులో ముల్లు కూడా లేస్తుంది, బండి మాత్రం ఇరుసు దాకా దిగబడుతుంది. ఆ హోరును ప్రగతి అనుకోవడం కంటే ప్రమాదం లేదు. అనుభవమున్న డ్రైవరు చక్రం జారగానే కాలు తీసేస్తాడు. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి, దాన్ని ఒకటి రెండు పళ్లు మాత్రమే లాగి, క్లచ్ మెల్లగా వదులుతాడు. ఖాళీగా తిరిగే చక్రానికి కాస్త అడ్డు తగులుతుంది, అడ్డు తగిలినందువల్ల ఇరుసులో బలం పెరుగుతుంది, అప్పుడు కొన్నిసార్లు రాతి మీది చక్రం కదులుతుంది. దమం చేసే పని సరిగ్గా ఇదే. ఇంద్రియాన్ని చంపడం కాదు, జారే వైపు కొద్దిగా పట్టి ఉంచడం. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగితే రెండు చక్రాలూ ఆగిపోతాయి. కఠోర నిగ్రహంతో ఎండిపోయిన మనుషులను మనం చూస్తూనే ఉన్నాం.

ఇక గాలి. తారు రోడ్డు మీద టైరులో 35 పాయింట్లు ఉంటే, బురదలోకో ఇసుకలోకో దిగేముందు 20కి అటూ ఇటూ తగ్గిస్తారు. టైరు ఉబ్బు తగ్గి, నేలను తాకే భాగం పొడవవుతుంది, బరువు పరుచుకుంటుంది, పట్టు వస్తుంది. పైసా ఖర్చు లేదు. టైర్లు మార్చేకంటే ముందు చేయవలసింది ఇదే. అహంకారం కొంత దించుకున్నవాడు ఎంత మందిని, ఎంత జీవితాన్ని తాకగలడో ఇక్కడ కంటికి కనిపిస్తుంది. గాలి మరీ తీసేస్తే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. అందుకే రామకృష్ణ పరమహంస 'నేను' అన్నది పూర్తిగా పోదని ఒప్పుకుని, పచ్చి నేనును వదిలి పండిన నేనును, దాసుడి నేనును ఉంచుకోమన్నారు. తిరిగి తారు రోడ్డెక్కగానే పంపుతో గాలి నింపుకోవాలి. మెత్తటి టైరుతో వేగంగా పోతే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి. ఆఫీసులో నిర్ణయం తీసుకోవలసినవాడు ధ్యానమందిరంలోని మెత్తదనంతోనే కూర్చుంటే తనకూ చేటు, తనను నమ్మినవాళ్లకూ చేటు.

రెండు చక్రాల బండినే నాలుగు చక్రాలదిగా మార్చలేమా అని కొందరు అడుగుతారు. ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేసు, ఇంకో ప్రొపెల్లర్ షాఫ్టు కావాలి. అంత ఖర్చుకు ఇంకో బండే వస్తుంది. పైగా తయారీదారు నిర్ణయించిన మౌలిక స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. పరధర్మం భయావహమని గీత చెప్పింది ఇంతకంటే వేరని నేను అనుకోను. ఉన్న ఇరుసును ఉండనిచ్చి, దిగి దారిని కాళ్లతో నడిచి చూసుకుని, లాగే తాడును తగిలించే కొక్కేన్ని బంపరుకు కాకుండా ఛాసిస్‌కు ముందే బిగించుకుని, ఇంకో బండి తోడుగా వెళ్లడం మన చేతిలో పని. సత్సంగం అవసరం దిగబడ్డాక తెలిస్తే ఆలస్యమే.

అన్నిటికంటే ముఖ్యమైనది బరువు. పికప్‌లో ఇంజిన్ ముందుంటుంది, లాగే చక్రాలు వెనకుంటాయి. ట్రాలీ ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద ఒత్తిడి లేక పట్టు దొరకదు. అందుకే సరుకు లేనప్పుడు ఇసుక బస్తాలు సరిగ్గా ఇరుసు పైన వేసి, దొర్లకుండా తాళ్లతో కడతారు. మితి మీరితే కమాన్ కట్టలు కుంగి, పొట్ట నేలకు తగులుతుంది. తగినంత ఉంటే ఆ బరువే బండిని నడుపుతుంది. సంసారం బరువు దించుకుంటేనే సాధన సాగుతుందని నమ్మేవాళ్లకు అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథ చూపించాలని ఉంటుంది. కౌశికుడు తల్లిదండ్రులను ఇంట్లో వదిలి, వేదాధ్యయనం, తపస్సు అంటూ వెళ్లినవాడు. కోపంతో చూస్తే కొంగ కాలి పడిపోయేంత బలం వచ్చింది, శాంతి రాలేదు. మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడు అతనికి ధర్మసూక్ష్మాలన్నీ చెప్పి, ఇంట్లోకి తీసుకెళ్లి, తాను కూర్చోబెట్టి సేవ చేసుకుంటున్న ముసలి తల్లిదండ్రులను చూపించాడు. తన ప్రత్యక్ష దైవాలు వీళ్లేనన్నాడు. నీ మీది బెంగతో నీ అమ్మానాన్నలు చూపు పోగొట్టుకున్నారు, ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు అన్నాడు. అంత తపస్సు చేసిన కౌశికుడు ఎదురు చెప్పలేదు. వ్యాధుడికి ప్రదక్షిణ చేసి, ఇంటికి వెళ్లి, వాళ్ల సేవలో పడ్డాడు.