అందరూ అంటే ఎంతమంది?



తమ్ముడూ, పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక డిగ్రీ విద్యార్థి కలిసిండు. నాంపల్లి స్టేషన్ దగ్గర రూములో ఉంటాడు. నాన్న కూలి చేసి పంపిన మెస్ డబ్బులు శనివారం రాత్రి మందుకు పోయినయట. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు తాగుడు వల్ల వచ్చే నష్టాలు ఆరు చెప్పాడు. మొదటిది ఇదే, కళ్లముందే డబ్బు పోవడం.

"అన్నా, రూముల అందరూ తాగుతరు. నేనొక్కణ్ణి గ్లాసు ముట్టకుంటే ఎట్ల?" అన్నాడు.

"అందరూ అంటే ఎంతమందో లెక్కపెట్టు" అన్నాను. వేళ్లు మడిచాడు. ఆరుగురిలో గట్టిగా తాగేవాళ్లు ఇద్దరే. ఒకడు కూల్‌డ్రింకుతో సరిపెట్టుకుంటాడు. మిగిలిన ముగ్గురూ, వీడితో కలిపి, 'అందరూ' తాగుతున్నారని తాగేవాళ్లే!

ఈ భ్రమ ఆ ఒక్క రూముది కాదు. 1986లో అమెరికాలో పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అనే పరిశోధకులు ఒక కాలేజీలో విద్యార్థులను అడిగి చూశారు. తోటివాళ్లు తాగుడును ఉన్నదానికన్నా ఎక్కువగా సమర్థిస్తారని ఊహించుకుంటున్నట్టు తేలింది. విన్నదాన్ని నమ్మకుండా స్వయంగా చూసి తెలుసుకోమని బుద్ధుడు కాలాములకు చెప్పింది ఇట్లాంటి చోటనే పనికొస్తుంది.

భ్రమ పోయినా కోరిక పోదు. సాయంత్రమైతే నాలుక పీకుతుంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగనన్నది ఒకటి. మన సభల్లో దాన్ని గట్టిగా చదివిస్తాం. ఆ సాయంత్రం ఏం చేయాలో మాత్రం పిల్లలకు చెప్పం. తప్పు మనదే.

పటిచ్చసముప్పాదంలో వేదన నుంచి తణ్హ పుడుతుంది. వేదన అంటే ఇక్కడ నొప్పి ఒక్కటే కాదు, ఒంట్లో తెలిసే ఏ అనుభూతైనా. గొంతు ఎండుతుంది, ఛాతీలో గుబులు పుడుతుంది. దాన్ని తిట్టకు, దానికి లొంగకు. కూర్చుని ఊపిరిని గమనిస్తూ దాన్ని చూడు. అలలాగా లేస్తుంది, కాసేపటికి విరిగిపోతుంది. అనిచ్చం అంటే పుస్తకంలో మాట కాదు, అదే. సియాటిల్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త అలాన్ మార్లాట్ కూడా కోరికను అలలాగా చూస్తూ దాటమని వ్యసనపరులకు నేర్పాడు. ఆయన బౌద్ధ ధ్యానం నేర్చుకున్నవాడే.

ముందుగా అన్నం తిను. ఆకలి మీద ఉన్నప్పుడు ఏ శీలమూ నిలవదు. పార్టీకి పోతే జేబులో బస్సు చార్జీ మాత్రమే పెట్టుకో. "వద్దురా" అనే మాట రూములోనే నాలుగుసార్లు పైకి అని చూసుకో, నవ్వొచ్చినా సరే.

రోజూ తాగి, మానితే చేతులు వణికే స్థితికి వచ్చినవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, ప్రాణానికే ముప్పు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పోవాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఆ అబ్బాయి ఈ ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. నువ్వూ రా. పుస్తకాల దగ్గరే ఉంటాను.