రెండు ఆందోళనలు

మన గురించి తెలుగు పేపర్లు తరచుగా రాసే మాట ఒకటి ఉంది. ఆందోళన. ‘ఐటీడీఏ ఎదుట గిరిజనుల ఆందోళన’, ‘రోడ్డు కోసం ఆందోళన’, ‘జీఓ 3 కోసం ఆందోళన’. ఆ మాట చదివితే మనకు టెంటు, మైకు, చెట్టు కింద ఉడుకుతున్న అన్నం గుండిగ కళ్ళకు కడతాయి. డాక్టర్లు కూడా ఇదే మాట వాడతారు. రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి, ఎవరూ తరమకుండానే గుండె దడదడలాడి, అరచేతులు చెమట పట్టి, తెల్లవారితే ఏదో కీడు జరగబోతుందని తోస్తుంది చూడండి, దాని పేరు కూడా ఆందోళనే.

మొదటి ఆందోళన చేసినవాడికి దండ వేస్తాం. రెండోది పట్టుకున్నవాణ్ణి పిరికివాడంటాం. పేరు ఒకటే అయినప్పుడు మన తీర్పు ఎందుకు రెండుగా ఉంది?

పాడేరు కొండల్లో మాకు తెలిసిన ఒక కుర్రవాడి సంగతి చెబుతాం. పేరు, ఊరు అక్కరలేదు. ఇంట్లో మాట్లాడేది కువి. సంతలో ఆదివాసీ ఒడియా. తెలుగు అతనికి ఆశ్రమ పాఠశాలలో వచ్చిన మూడో భాష. లెక్కల పీరియడ్‌కు ముందు రోజూ కడుపులో నొప్పి వచ్చేది. మాస్టార్లు దానికి ‘దొంగ కడుపునొప్పి’ అని పేరు పెట్టారు. ఆ మాస్టార్లలో మా వాళ్ళూ ఉన్నారు, ఒప్పుకోవాలి. తరవాత కిందికి, మైదానంలోని కాలేజీకి వెళ్ళాడు. హాజరు పిలిచేటప్పుడు తన ఇంటిపేరు వస్తుందంటే ఊపిరి ఆడేది కాదు. వెనక బెంచీ నుంచి ఎవరో ఆ పేరును వెక్కిరించి పలికేవారు. మెస్‌లో అందరూ తిని వెళ్ళాక తినడం, ఆ తరవాత అసలు మెస్‌కే వెళ్ళకపోవడం, పండగ లేకపోయినా ఊరికి వచ్చేయడం. అలా సాగింది.

ఊరికి వచ్చినప్పుడు ఇంటివాళ్ళు గురువు దగ్గరికి తీసుకెళ్ళారు. కోడిని కోశారు, తాడు కట్టారు. దాన్ని ఇక్కడ ఎగతాళి చేయడానికి మేము సిద్ధంగా లేము. ఆ రాత్రి అతని కోసం ఊరంతా మేలుకొని కూర్చుంది, అతను ఒంటరి కాడని అందరూ కలిసి చెప్పారు. ఏ ఆస్పత్రీ ఇవ్వలేనిది అది. రెండు వారాలు బాగానే నిద్రపోయాడు. కాలేజీకి తిరిగి వెళ్ళిన మూడో రోజుకు మళ్ళీ మొదలైంది.

అప్పుడు మేమేం చేశాం? ధైర్యం చెప్పాం. “1922లో పోలీసు స్టేషన్ల మీదికి వెళ్ళినవాళ్ళం మనం. గాం గంటందొర తుపాకులకు వెరవలేదు, నువ్వు హాజరు పిలుపుకు వెరుస్తావా?” అన్నాం. గొప్ప మాట చెప్పామనుకున్నాం. అతను తల వంచుకొని విన్నాడు. ఆ తరవాత నాలుగు నెలలు మాలో ఎవరికీ ఫోను చేయలేదు. తాతల ధైర్యాన్ని మనవడి నోరు మూయించడానికి వాడామని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

చివరికి అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది గదిలో ఉండే స్నేహితుడు. డాక్టరు ముందు రక్తపరీక్ష రాశారు. ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండె దడ వస్తుంది. మన కొండల్లో రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కరలేదు. ఆ రెండూ లేవని తేలాక మనస్తత్వ నిపుణురాలి దగ్గరికి పంపారు. వీళ్ళలో తేడాలుంటాయి. సైకియాట్రిస్టు డాక్టరు చదువు చదివినవారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో, సాధనతో చికిత్స చేస్తారు. ఒకరికి మాటలే చాలవచ్చు, ఇంకొకరికి మందు కూడా కావాలి. మందు పనిచేయడానికి వారాలు పడుతుంది. సుఖంగా ఉందని దాన్ని మనంతట మనం ఆపేయకూడదు.

మొదటి రోజు అతనికి మాట రాలేదు. గుండెలో పిట్ట కొట్టుకుంటోందని మాత్రం చెప్పగలిగాడు. ఏ పిట్ట అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న అతనికి నచ్చింది. వారానికొకసారి, ముప్పావు గంట. భయం పుట్టినప్పుడు ఏం జరుగుతుందనుకున్నావో ఒక పక్కన రాయి, నిజంగా ఏం జరిగిందో రెండో పక్కన రాయి అంది. చిన్న భయం నుంచి పెద్ద భయానికి మెట్లు మెట్లుగా వెళ్ళాలి, పారిపోకుండా కాసేపు నిలబడాలి. నిలబడితే భయం కొంతసేపటికి తనంతట తనే దిగుతుందట. కొండవాగు పొంగినప్పుడు గట్టున ఆగేవాళ్ళం కదా, ఆ మాట మనకు కొత్తేమీ కాదు.

చిక్కు మూడో వారంలో వచ్చింది. ‘మాట్లాడితే నవ్వుతారు’ అని అతను రాసుకున్నాడు. అది నీ ఊహేమో చూడు అంది ఆమె. అతను రెండు వారాలు వెళ్ళలేదు. ఎందుకంటే అది ఊహ కాదు. నిజంగానే నవ్వుతున్నారు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రెండు వారాలే. మనలో చదువుకున్నవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. “రోగం మా పిల్లవాడిలో లేదు, నవ్వేవాళ్ళలో ఉంది. చికిత్స వాళ్ళకు చేయండి” అంటారు. ఈ మాటలో నిజం ఉంది. భాష రాని మాస్టారు ముందు మొదటి తరగతి పిల్ల మూగదైతే లోపం పిల్లది కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో స్థానిక గిరిజనులే టీచర్లుగా ఉండాలని 2000లో జీఓ నంబరు 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తరవాత మన బడుల్లో పిల్లల భాష తెలిసిన గొంతులు తగ్గుతాయన్న దిగులు ఒక మనిషి మెదడులో పుట్టిన జబ్బు కాదు. అలాంటి దిగులును మాత్రతో అణచి, అర్జీ మరిచిపొమ్మనే చికిత్స ఎవరైనా చేస్తే అది మనకు వద్దు.

అయినా ఆ వాదన దగ్గర ఆగిపోలేకపోతున్నాం. నిప్పు పెట్టినవాడు వేరే ఉన్నాడు, సరే. కాలిన చేతికి మందు రాయడానికి వాడు దొరికేదాకా ఆగుతామా? మందు రాసుకుంటే నిప్పు పెట్టినవాణ్ణి క్షమించినట్టవుతుందా?

ఫ్రాంట్జ్ ఫానన్ అనే మార్టినిక్ నల్లజాతి డాక్టరు గురించి మన యువకులు చదవాలి. 1953లో అతను అల్జీరియాలోని బ్లిడా మానసిక ఆస్పత్రిలో చేరాడు. ఆ దేశం అప్పుడు ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది. ఫ్రాన్సులో నేర్చుకున్న పద్ధతులనే అల్జీరియా ముస్లిం రోగుల మీద పెట్టి చూశాడు, అవి పారలేదు. రోగుల భాష అతనికి రాదు, వాళ్ళ బతుకు తెలియదు. తప్పు రోగులది కాదు, తన పద్ధతిదే అని ఒప్పుకున్నాడు. ఆస్పత్రిలో వాళ్ళ తరహా కాఫీ కొట్టు పెట్టించాడు, వాళ్ళ పండగలు జరిపించాడు, కథలు చెప్పేవాళ్ళను పిలిపించాడు. వలస పాలనే మనుషుల మనసు చెడగొడుతున్నప్పుడు ఆ పాలన కింద కొలువు చేయలేనని 1956లో రాజీనామా ఇచ్చాడు. ఇక్కడివరకు మన వక్తలు చెబుతారు. తరవాతి సంగతి చెప్పరు. ట్యునీషియా వెళ్ళి, స్వాతంత్ర్య పోరాటంలో ఉంటూనే మళ్ళీ ఆస్పత్రిలో రోగులను చూశాడు. కారణం పాలనలో ఉందని అతనికంటే గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. అయినా పాలన పోయాక రమ్మని ఏ రోగినీ తిప్పి పంపలేదు.

మన కుర్రవాడు మూడో వారం తిరిగి వెళ్ళాడు. “అమ్మా, ఊహ కాదు. నవ్వుతారు” అని చెప్పాడు. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆమె కాగితం మీద తను రాసింది కొట్టేసింది. “అయితే నాదే పొరపాటు. వాళ్ళు నవ్వితే నువ్వు మాట్లాడాలా వద్దా అన్నది ఎవరు తేల్చాలి?” అని అడిగింది. అక్కడి నుంచి పని నడిచింది. నిపుణులకు కూడా మనం నేర్పాల్సింది ఉంటుంది. నచ్చకపోతే నచ్చలేదని చెప్పవచ్చు, మరొకరి దగ్గరికి వెళ్ళవచ్చు. అది చికిత్సలో భాగమే.

ఇంటి గుట్టు బయటివాళ్ళకు చెప్పడం తప్పు కాదా అని పెద్దవాళ్ళు అడుగుతారు. చిన్న ఊళ్ళో చెప్పిన మాట సాయంత్రానికి సంతకు చేరుతుంది, వాళ్ళ భయం ఒట్టిది కాదు. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి విషయాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలే దానికి మినహాయింపు. ఫోనులో అయితే టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది. డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మా చిక్కు వేరు. సిగ్నల్ దొరికే గుట్ట మీద ఎప్పుడు చూసినా పదిమంది నిలబడి ఉంటారు. గుండె దడ గురించి అక్కడ ఎవరు నోరు విప్పుతారు? ఆశ్రమ పాఠశాలల్లో తలుపు వేసుకొని మాట్లాడడానికి ఒక గది, ఒక ఫోను ఇవ్వమని అడగడం కూడా ఆందోళన చేయదగ్గ విషయమే. కువి, సవర, కోయ, గోండి మాట్లాడే సలహాదారులు కావాలని అడగడం కూడా. జింబాబ్వేలో 2006 నుంచి ఆస్పత్రి ఆవరణలో బెంచీ మీద కూర్చోబెట్టి, శిక్షణ పొందిన అవ్వలు వాళ్ళ సొంత షోనా భాషలో దిగులుపడ్డవాళ్ళతో మాట్లాడుతున్నారు. దిగులుకు అక్కడివాళ్ళ మాటకు అర్థం ‘అతిగా ఆలోచించడం’. అలాంటి అవ్వలు మనకు తక్కువా?

టీచర్లకు ఒక మాట. రోజూ ఒకే పీరియడ్‌కు కడుపునొప్పి వచ్చే పిల్లను దొంగ అనకండి. ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోందో ముందు చూడండి.

ఆ కుర్రవాడికి అంతా తగ్గిపోయిందని చెప్పం. ఇప్పటికీ నెలకొకసారి వెళ్ళి వస్తాడు. మొన్న టీచరు పోస్టుల మీద మేము పెట్టిన టెంటులో అతనికి మైకు ఇచ్చాం. నిలబడి మాట్లాడలేను, కూర్చుంటానన్నాడు. ముందు కువిలో, తరవాత తెలుగులో మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర గొంతు ఆగింది, చేతిలో మైకు వణకడం అందరికీ కనిపించింది. ఎవరూ చప్పట్లు కొట్టి తొందరపెట్టలేదు, ఎవరూ ధైర్యం చెప్పలేదు. ముందు వరసలో ఉన్న ఒక అవ్వ నీళ్ళ చెంబు ముందుకు జరిపింది. తాగి, ఆగిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు.