అపరిచితుల యెదుట ఒప్పుకోలు

త్రాగుడునుండి విడుదల గోరు విశ్వాసికి మొదట ఎదురగు ప్రశ్న వైద్యమును గూర్చినది కాదు. తన సంగతి ఎవరితో చెప్పుకొనవలెనన్నదే ఆ ప్రశ్న. కాపరితో చెప్పినయెడల పెద్దలకు తెలియునేమో. పెద్దలకు తెలిసినయెడల కుమార్తె పెండ్లి సంబంధము తప్పిపోవునేమో. ప్రభురాత్రి భోజనమునకు దూరముగా నుంతురేమో. ఇవి ఉత్త ఊహలు కావు. మన సంఘములలో త్రాగుబోతు అను పేరు ఒక్కసారి అంటుకొనినచో, దానిని వదిలించుకొనుట త్రాగుడు మానుటకంటెను కష్టము. అందుచేత అతడు ఆదివారమున ఇస్త్రీ చొక్కా తొడిగి, నోట ఏలకులు నమలుచు, వెనుక బల్లమీద కూర్చుండి, ఎరిగినవారందరి మధ్యను ఒంటరిగానే ఇంటికి పోవుచున్నాడు.

అట్టివాడు ఒక సాయంకాలము తన్నెరుగని పదిమంది మధ్యకు పోయి, ఇంటిపేరు విడిచి పేరు మాత్రము చెప్పి, తాను త్రాగుడునకు బానిసనని పలుకుచున్నాడు. ఎరిగినవారికి దాచిన సత్యమును ఎరుగనివారికి చెప్పుట నిజమైన ఒప్పుకోలగునా? లేక సిగ్గును తప్పించుకొను సులభమార్గమా? సంఘమును ప్రేమించువారు కొందరు ఈ రెండవ మాటనే అందురు. వారి ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము పుట్టిన విధము ఇందుకు కొంత వెలుగునిచ్చును. 1935 మే నెలలో బిల్ విల్సన్ అను న్యూయార్కు వాసి వ్యాపారపు పనిమీద అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు వచ్చెను. అతడు త్రాగుడు మాని కొన్ని నెలలే యైనది. వచ్చిన పని చెడెను. హోటలు ముందరి హాలులో ఒకవైపు మద్యశాల సందడి వినవచ్చుచుండెను. మరియొకవైపు స్థానిక దేవాలయముల పేర్ల పట్టికయు టెలిఫోనును ఉండెను. అతడు ఒక బోధకునికి ఫోను చేసెను. తనకు ఉపదేశించువానిని అడుగలేదు. తనవంటి త్రాగుబోతును చూపుమని అడిగెను. ఆ విచారణ చివరకు రాబర్టు స్మిత్ అను శస్త్రవైద్యునియొద్దకు దారితీసెను. స్మిత్‌కు భక్తి క్రొత్త కాదు. లూథరన్ బోధకుడైన ఫ్రాంక్ బుక్‌మన్ నడిపిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపు కూటములకు అతడు అప్పటికే పోవుచుండెను, త్రాగుచునే యుండెను. త్రాగుడును స్వానుభవమున ఎరిగి మాటలాడువాడు తనకు మొదటిసారి దొరకెనని అతడు తరువాత వ్రాసెను. అతడు చివరిసారి త్రాగినదని చెప్పబడు 1935 జూన్ 10వ తేదీనే ఆ సహవాసము తన జన్మదినముగా ఎంచుచున్నది. మన దేశమున అది 1957లో ఆరంభమైనది.

ఇక్కడ గమనింపవలసిన దొకటి కలదు. విల్సన్ సహాయము చేయబోయినది తాను నిలుచుటకే. ఆ కూటములో వినువాడును చెప్పువానివలెనే ఋణస్థుడు. ఒకడు చెప్పుచుండగా మరియొకడు అడ్డు వచ్చి బుద్ధి చెప్పడు. సంఘములోనో, చాల తరచుగా, ఒప్పుకొనువాడొక్కడు, తీర్పరులు అనేకులు.

అయినను మాట అపరిచితులయొద్దనే ఆగిపోయినయెడల ఆక్షేపణ నిలుచును. అది ఆగదు. ఆ సహవాసపు పండ్రెండు మెట్లలో అయిదవది దేవుని యెదుటను, తన యెదుటను, మరియొక మనుష్యుని యెదుటను తప్పిదములు ఒప్పుకొనుట. ఎనిమిదవది తాను హాని చేసినవారి పేర్లు వ్రాసికొనుట. తొమ్మిదవది, వారికి మరల హాని కలుగని పక్షమున, నేరుగా సరిచేసికొనుట. ఆ పట్టికలో భార్య పేరు, అప్పిచ్చినవాని పేరు, బహుశా కాపరి పేరును ఉండును. త్రాగుడు రోగమైనచో పాపభారము తప్పునని భయపడువారు ఈ మెట్టును చదువవలెను. అపరిచితుల గది దాగుచోటు కాదు. ఎరిగినవారియొద్దకు తిరిగి పోవు దారిలో మొదటి మజిలీ.

అక్కడ క్రీస్తు నామము ప్రకటింపబడదు. ఎవడు దేవుని ఎట్లు ఎరిగెనో అట్లే తలంచుకొనవచ్చును. కొందరు విశ్వాసులకు ఇది ముల్లు. అయితే వైద్యశాలయు ప్రసంగింపదు గదా. మనము అడుగవలసిన ప్రశ్న వేరు. ఒకనితో ఒకడు పాపములు ఒప్పుకొనుడను ఆజ్ఞ యాకోబు పత్రిక అయిదవ అధ్యాయములోనిది. లూథరు సయితము 1522లో విట్టెన్‌బర్గు ప్రసంగములలో, ఏకాంతపు ఒప్పుకోలును బలవంతము చేయకూడదనుచునే, తాను దానిని విడువనని చెప్పెను. బలవంతమును మనము తీసివేసితిమి, మంచిదే. దాని స్థానమున ఏమి ఉంచితిమి?

కూటమును వెదకువాడు 14446 అను జాతీయ ఉచిత సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును. మద్య విముక్తి కేంద్రములోనో పెద్ద ఆసుపత్రిలోనో విచారింపవచ్చును. రుసుము లేదు, మానవలెనను కోరిక తప్ప నిబంధన లేదు. మొదటి దినమున నోరు విప్పనక్కరలేదు. ఒక కూటము నచ్చనిచో మరియొకటి చూడవలెను. ఒక హెచ్చరిక మాత్రము తప్పదు: దినదినము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో మూర్ఛయు మతిభ్రమయు కలిగి ప్రాణాపాయము రావచ్చును. కనుక ముందు వైద్యుని చూడవలెను. భార్యాబిడ్డలకొరకు 1951లో ఆరంభమైన అల్-అనాన్ కూటములు వేరుగా నున్నవి. భర్త రాకున్నను భార్య పోవచ్చును.

కొన్ని పట్టణములలో ఈ కూటములు దేవాలయపు ఆవరణములోనే, సండేస్కూలు గదిలో జరుగుచున్నవి. తాళపుచెవి ఇచ్చు పెద్ద, లోపలికి పోవువారిలో తన సంఘస్థుని చూచిన దినమున, ఇంటికి పోయి భార్యతోనైనను చెప్పకుండ నుండవలెను. కాపరికి సయితము ఒక చోటు కలదు. కొన్ని కూటములు త్రాగనివారికిని తెరువబడి యుండును. అతడు వెనుక కుర్చీలో కూర్చుండి, ఒక గంటసేపు ఏమియు బోధింపక వినవచ్చును.