రబ్బరు లేని డ్రాయింగు

నలభై ఆరేళ్ళ వయసులో నేను పీట గీయడం నేర్చుకున్నాను. నవ్వకండి. ముగ్గు వేసినంత సులువేమీ కాదది!

మావారు కూడా మీలాగే నవ్వారు. "బి.ఏ. తెలుగు చదివినదానివి, ఈ ఇంజనీర్ల గొడవ నీకెందుకూ?" అన్నారు పేపరు మడుస్తూ. ఎందుకంటే, నవల కోసం. నా కొత్త నవలలో నాయిక యంత్రభాగాలకు డిజైన్లు గీసే అమ్మాయి. ఇదివరకొక నవలలో ఓ ఇంజనీరు చేత ఏ ఇంజనీరూ చేయని పని చేయించి, ఒక పాఠకురాలి చేత చక్కగా చివాట్లు తిన్నాను. ఆవిడ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో భద్రంగా ఉంది. అందుకని ఈసారి నాయిక పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఏం చేస్తుందో తెలుసుకోకుండా ఒక్క పేజీ కూడా రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మాది వరంగల్లు మట్టెవాడ. నా చిన్నతనంలో మా వీధిలోంచి ఒకరిద్దరు మగపిల్లలు రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్ళేవారు. 1959లో పెట్టిన కాలేజీ అది, ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నాం. చేతిలో డ్రాఫ్టరు, చంకలో చుట్టచుట్టిన డ్రాయింగు షీట్లూ పట్టుకుని వాళ్ళు బస్సు ఎక్కుతుంటే, యుద్ధానికి వెళ్ళే వీరుల్లా కనిపించేవారు నాకు. మా ఇంట్లో ఆడపిల్లలకు ఆ ఆయుధం అందలేదు లెండి. ఆ రోజుల్లో పెన్సిలు గీత తప్పయితే రబ్బరుతో రుద్దేవారు. సిరాగీత తప్పయితే బ్లేడుతో మెల్లగా గీకేవారు. ఎంత నేర్పుగా గీకినా, కాగితం వెలుతురుకు పెట్టి చూస్తే మచ్చ కనబడేది.

ఇప్పుడు కాగితమూ లేదు, బ్లేడూ లేదు. సెలవులకొచ్చిన మా అబ్బాయి నా పాత లాప్‌టాప్ తెరిచి, "ఆన్‌షేప్ అని ఒకటుందమ్మా. దీనికి పెద్ద కంప్యూటరు అక్కర్లేదు, బ్రౌజరు ఉంటే చాలు. నీ బొమ్మ నీ దగ్గర కాకుండా ఎక్కడో వాళ్ళ కంప్యూటర్లలో ఉంటుంది. దాన్నే క్లౌడ్ అంటారు" అన్నాడు. నెట్‌లో డబ్బు కట్టనక్కర్లేని కోర్సు కూడా చూపించాడు. ఒక్కటే షరతట. ఉచితంగా గీసుకునేవాళ్ళ బొమ్మలు ఎవరైనా చూడొచ్చు. నా వంకర పీటను లోకమంతా చూస్తుందన్నమాట! చూడనీ అనుకున్నాను. నవలలు చూడటం లేదూ?

1963లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్ అనే విద్యార్థి, వెలుతురు కలంతో తెర మీదే గీతలు గీసే స్కెచ్‌ప్యాడ్‌ను తయారుచేశాడు. ఆనాడు దానికి బీరువాల్లాంటి యంత్రం కావలసి వచ్చింది. 1982లో ఆటోక్యాడ్ వచ్చి ఆ విద్యను బల్లమీది కంప్యూటర్లలోకి దింపింది. ఈనాడు మట్టెవాడలో, ఓ పక్క పప్పు ఉడుకుతుంటే వంటింటి గట్టు మీద నేను అదే విద్య నేర్చుకుంటున్నాను. విద్యలు కూడా పెద్దింటి నుంచి చిన్నింటికి మెల్లగా నడిచి వస్తాయి కాబోలు.

మొదటి పాఠంలో నేలబారుగా గీతలు గీయించారు. రెండో పాఠంలో ఆ గీతల్ని మందంగా పైకి లాగడం నేర్పారు. ఎక్స్‌ట్రూడ్ అంటారు దాన్ని. మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టే ఉంటుంది. పేరు గంభీరంగా ఉంటే భయపడ్డాను గానీ, ఆ పని మన ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చు!

బొమ్మ గీయడమైతే గీశాను, దాచుకోవడానికి సేవ్ బటన్ కనబడదే! తెర నాలుగు మూలలా వెతికాను. తర్వాత పాఠంలో చెప్పారు. సేవ్ చేయడమనేదే లేదట. మనం గీసిన ప్రతి గీతా, చేసిన ప్రతి మార్పూ, ఎవరు ఏ రోజు ఏ నిమిషానికి చేశారో సహా దానంతటదే జాబితాకెక్కుతుంది. హిస్టరీ అని ఒక చోట నొక్కితే, పాలవాడి లెక్కలా మొత్తం బయటపడుతుంది. నాకు ఒళ్ళు జలదరించింది. చిత్రగుప్తుడు ఉద్యోగంలోనే ఉన్నాడన్నమాట!

ఇంట్లో వస్తువేదైనా కొలిచి గీయమన్నారు. ఎదురుగా అమ్మ పీట కనబడింది. టేకు పీట. అమ్మ దాని మీద కూర్చునే మా అక్కచెల్లెళ్ళిద్దరికీ తలకు నూనె రాసి జడలు వేసేది. టేపు పెట్టి కొలిచి గీశాను. పలక వచ్చింది, నాలుగు కాళ్ళూ వచ్చాయి, అంచులు గుండ్రంగా వచ్చాయి. తీరా చూస్తే, అన్నిటికన్నా ముందు గీసిన గీతల్లో ఒకటి తప్పు. "దానిదేముంది, తీసేస్తే పోలా?" అనుకుని మొదటి స్కెచ్‌లోకి వెళ్ళి ఆ గీతను తీసేశాను. అంతే! జాబితాలో దాని కింద ఉన్న పేర్లు ఒక్కొక్కటీ ఎర్రబడ్డాయి. కాళ్ళు ఎర్ర, అంచులు ఎర్ర. నేను తప్పని తీసేసిన గీతను పట్టుకునే కదా అవన్నీ నిలబడ్డది!

ఆ ఎరుపు చూస్తూ కూర్చుండిపోయాను. ఎందుకంటే ఆ పీట మీద నాకింకొక లెక్క ఉంది.

2015లో అమ్మ పోయింది. పదకొండో రోజు గడిచాక ఇంట్లో సామాన్లు పంచుకుంటుంటే, నా చెల్లెలు ఏమీ అడగలేదు, ఈ పీట ఒక్కటీ అడిగింది. "అమ్మ మంచంలో ఉన్నప్పుడు కనబడనిదానివి, పంపకాలప్పటికి పీట గుర్తొచ్చిందా?" అన్నాను. అమ్మ మంచంలో ఉన్న రోజుల్లో దాని చిన్నపిల్ల కరీంనగర్‌లో డెంగీ జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను.

చెల్లెలు ఏడవలేదు, పోట్లాడలేదు. బస్సెక్కి వెళ్ళిపోయింది. పీట నా దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో కలుస్తూనే ఉన్నాం. అక్కా అని పిలవడం మానలేదది. కానీ "నువ్వు" పోయి "మీరు" వచ్చింది. "మీరు బాగున్నరా అక్కా?" అంటుంది. మర్యాద ఎంత దూరమో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. అయినా పదేళ్ళుగా నేను చేసిందేమిటీ? తీసుకోవాలనే చూశాను. పండక్కి చీరలు పంపాను. "ఏదో దుఃఖంలో అన్నాను, మరిచిపొమ్మనండి" అని ఇద్దరు ముగ్గురి చేత చెప్పించాను. మనసులో పెట్టుకోవద్దని మావారు కూడా ఫోన్లో నచ్చజెప్పారు. మంచి మాటే కదా అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. గీత గీసింది నేనూ, తుడవాల్సింది తానూనా? అన్నవాళ్ళకు ఒక్క నిమిషం పని, విన్నవాళ్ళకు ఏళ్ళ తరబడి పని. పైగా అది తుడవకపోతే, మనసు పెద్దది చేసుకోలేదన్న నింద కూడా దానికే!

ఆ వారాంతంలో మావారితో హనుమకొండ వేయి స్తంభాల గుడికి వెళ్ళాను. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. కల్యాణ మండపాన్ని బాగుచేయడానికని 2006లో పురావస్తు శాఖవాళ్ళు రాళ్ళకు నంబర్లు వేసి విప్పారు. ఆ రాళ్ళ గుట్టలు చూసి, ఇక ఇది లేచేది లేదని ఎన్నిసార్లు నిట్టూర్చామో మా ఊరివాళ్ళం! లేచింది. 2024 మార్చిలో మళ్ళీ తెరిచారు. స్తంభాల మధ్య తిరుగుతుంటే నాకొకటి తోచింది. ఇది 1163 నాటి మండపమే. కానీ విప్పకముందున్న మండపం మాత్రం కాదు. విప్పడమూ, గుట్టలుగా పడి ఉండడమూ, మళ్ళీ నిలబెట్టడమూ ఇప్పుడు దాని కథలో భాగాలే. ఆ ఏళ్ళను ఎవరు తీసేయగలరు?

ఇంటికొచ్చి మళ్ళీ పీట తెరిచాను. ఎర్రబడక ముందటి స్థితికి వెళ్ళాలంటే, హిస్టరీలో ఆ చోటు చూసుకుని రీస్టోర్ అని నొక్కాలట. నొక్కాను. పీట చక్కగా నాలుగు కాళ్ళ మీద నిలబడింది. సంతోషించి, నేను చేసిన తప్పు పోయిందా అని జాబితా చూద్దును కదా, పోలేదు! నేను గీత తీసేసిన సంగతి నిమిషంతో సహా అక్కడే ఉంది. దానిపైన కొత్తగా ఇంకొకటి చేరింది, నేను వెనక్కి వెళ్ళానని. అంటే, వెనక్కి వెళ్ళడం కూడా ముందుకు వేసిన ఒక అడుగు కిందే లెక్క! చెరపడం లేదు, చేర్చడమే ఉంది.

అన్నీ గుర్తుపెట్టుకునే మనిషితో కాపురం చేయగలమా అని మీరడగవచ్చు. చేయలేం. మరపు దేవుడిచ్చిన వరమే, కాదనను. కానీ ఆ వరం దెబ్బతిన్నవాళ్ళ సొత్తు. వాళ్ళంతట వాళ్ళు మరిచిపోతే అది వాళ్ళ మంచితనం. మరిచిపొమ్మని అడిగే హక్కు కొట్టినవాళ్ళకు లేదు. మనం చేయగలిగిందల్లా జాబితాలో ఇంకొక పద్దు చేర్చడం. అదైనా మధ్యవర్తుల చేత కాదు, మన పేరుతోనే.

మర్నాడు వడ్లాయన్ని పిలిచి, నా బొమ్మను గర్వంగా చూపించి, ఇలాంటి పీట చేసిపెట్టమన్నాను. ఆయన తెరవంకా, నా వంకా చూసి, "పీటనే ముందట ఉండంగ ఈ బొమ్మెందుకమ్మా?" అని, పీట బోర్లించి మూరకర్రతో రెండు నిమిషాల్లో కొలుచుకుని వెళ్ళిపోయాడు. నెలన్నర చదువు అలా తేలిపోయింది! అయితేనేం, నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాను.

కొత్త పీట వచ్చాక, పాతది సంచిలో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాను. చెల్లెలు తలుపు తీసి, "మీరొక్కరే వచ్చిన్రా?" అంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను. నవలలు రాసేదాన్ని, నాలుగు ముక్కలు మాత్రం చెప్పగలిగాను. "ఆ రోజు నీ బిడ్డ ఆస్పత్రిలో ఉన్నదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. తప్పు నాది. మరిచిపొమ్మని చెప్పడానికి రాలేదు."

అది చాలాసేపు మాట్లాడలేదు. పీటను ఒళ్ళో పెట్టుకుని, అమ్మ కూర్చుని కూర్చుని నున్నబడ్డ చోట చేత్తో రాసింది. చివరికి అంది:

"నువ్వు తెలిసే అన్నవని నాకు అప్పుడే తెలుసక్కా. ఆ మాట నాకింకా యాదికున్నది."

ఆ మాట పోలేదు, పోదు కూడా. కానీ పదేళ్ళ తర్వాత నా చెల్లెలు నన్ను "నువ్వు" అంది.