రహస్యపు కొలువు – కాయక ధర్మము

కాయకమనిన తోడనే శరణభక్తుల మనస్సులో మడివాళ మాచయ్య చాకిరేవు, అంబిగర చౌడయ్య పడవ, మేదర కేతయ్య వెదురుబుట్ట మెదలును. అవి చేతిపనులు. వాని మంచిచెడులు కంటికి కనబడును. బట్టలో మురికి మిగిలినచో కట్టుకొనినవాడు చెప్పును; పడవకు చిల్లి పడినచో ఎక్కినవాడు చెప్పును; బుట్ట అల్లిక వదులైనచో మోసినవాడు చెప్పును. కాని లోకములో కంటికి కనబడని పనులును గలవు. వానిలో ముఖ్యమైనది ప్రభుత్వ గూఢచార శాఖ పని. అందు చేసిన మేలు చాటుకొనరాదు. చేసిన తప్పు సులభముగ బయటపడదు. అట్టి కొలువునకు మనుష్యుల నెన్నుకొను అధికారి తన బంధుమిత్రుల బిడ్డలనే చేర్చుకొనినచో అడుగువారెవరు? అడుగువారు లేనిచోట ధర్మమునకు ఆధారమేది? ఈ ప్రశ్న విచారింపదగినది.

భారతదేశమున ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నాటి మూలము గలది. 1962లో చైనాతోను, 1965లో పాకిస్తానుతోను జరిగిన యుద్ధములలో విదేశ సమాచార సేకరణలోని కొరత తేటతెల్లమైనది. అందుచేత 1968 సెప్టెంబరు 21వ తేదీన విదేశ సమాచారము కొరకు ప్రత్యేకముగ రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్ అను సంస్థ నేర్పరచిరి. దానికి ప్రథమాధిపతి రామేశ్వర్ నాథ్ కావ్. 1971 బంగ్లాదేశ్ విమోచన కాలమున ఆ సంస్థ చేసిన సేవను దేశము కొనియాడినది. అదే సంవత్సరమున దానికి ప్రత్యేకోద్యోగశ్రేణి యొకటి ఏర్పడినది.

కీర్తితో పాటు ఒక అపవాదు కూడ ఆ సంస్థను వెన్నంటినది. అధికారుల బిడ్డలకు, బంధువులకు, పరిచితులకు అందు సులభముగ ఉద్యోగములు లభించుచున్నవని కొందరు ఆరోపించిరి. సంస్థ యాంగ్ల నామములోని తొలి యక్షరములకు వేరర్థము కల్పించి, దానిని బంధువుల, భార్యల సంఘమని పరిహసించుట రాజధానిలో పరిపాటి యయ్యెను. పరిహాసము ప్రమాణము కాదు. ఆరోపణ నిరూపణము కాదు. ప్రాణములకు తెగించి దేశసేవ చేసినవారు అందు పలువురు గలరు. వారినందరను ఒక్క మాటతో తూలనాడుట శరణ ధర్మము కాదు. అయినను ఆ మాట దశాబ్దముల తరబడి ఏల చావక నిలిచినది? నియామకము చీకటిలో జరిగినపుడు నిజమును రుజువు చేయుటకు గాని, అబద్ధమును ఖండించుటకు గాని మార్గము లేకపోవుటయే దానికి కారణము.

చట్టమేమి చెప్పుచున్నదో చూడవలెను. భారత రాజ్యాంగము 16వ అధికరణము ప్రభుత్వోద్యోగములలో పౌరులందరకు సమానావకాశము నిచ్చినది. మతము, జాతి, కులము, లింగము మొదలగు వానితో పాటు వంశమును బట్టియు వివక్ష చూపరాదని ఆ అధికరణము స్పష్టముగ చెప్పినది. ఈ 'వంశము' అను మాటకు ఆంధ్రదేశముతో దగ్గరి సంబంధము కలదు. గ్రామ మునసబు, కరణము పదవులను పూర్వోద్యోగి కుటుంబమునకే కట్టబెట్టు నిబంధన 1895 నాటి మద్రాసు చట్టములో నుండెను. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మునసబు పదవి విషయమై తగవు సుప్రీంకోర్టు వరకు పోగా, ఆ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వెలువడినది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామాధికారుల వ్యవస్థనే రద్దు చేసినది. తండ్రి కూర్చున్న పీటపై కొడుకు కూర్చుండుట హక్కు కాదని పల్లెటూరి చావడిలో స్థిరపడిన న్యాయము రాజధానిలోని రహస్య కార్యాలయమునకు వర్తింపదా?

వర్తించును. కాని దానిని అమలు పరచు మార్గము ఇరుకైనది. 2005 నాటి సమాచార హక్కు చట్టము 24వ విభాగము గూఢచార సంస్థలకు మినహాయింపు నిచ్చినది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘనలకు సంబంధించిన ఆరోపణలు మాత్రమే ఆ మినహాయింపునకు లోబడవు. 1980లో ఆ సంస్థ ఉద్యోగులలో అలజడి చెలరేగి సమ్మె వరకు పోయినది. పిమ్మట 1985లో వచ్చిన చట్టము గూఢచార సంస్థల ఉద్యోగులు సంఘములుగ ఏర్పడుటను, పత్రికలతో మాటలాడుటను కట్టడి చేసినది. ఈ కట్టుబాట్లకు దేశరక్షణ కారణమని చెప్పుదురు. ఆ కారణము త్రోసివేయదగినది కాదు. అయితే గోడ ఎత్తయినకొలది లోపలివాని మనస్సు మరింత శుద్ధముగ నుండవలెను గదా!

బంధువులను చేర్చుకొనుటను సమర్థించువారు ముఖ్యముగ ఒక మాట చెప్పుదురు. రహస్యపు పనికి నమ్మకము ప్రధానము. ఎరుగని వానికంటె ఎరిగిన యింటి బిడ్డ మేలు. తండ్రి విశ్వాసపాత్రుడైనచో కొడుకును విశ్వాసపాత్రుడే యగును అని. వినుటకిది సబబుగ తోచును. కాని చరిత్ర దీనికి సాక్ష్యము చెప్పుట లేదు. కిమ్ ఫిల్బీని 1940లో బ్రిటిష్ గూఢచార సంస్థ చేర్చుకొనినపుడు, అతని కుటుంబము పెద్దలకు తెలిసినదే యను నమ్మకము గొప్ప అర్హతగ పనిచేసినది. అతడు ఏండ్ల తరబడి సోవియట్ రష్యాకు రహస్యములందించి, 1963లో మాస్కో చేరుకొనెను. అమెరికాలో ఆల్డ్రిచ్ ఏమ్స్ తండ్రి కేంద్ర గూఢచార సంస్థ ఉద్యోగి. ఉద్యోగుల బిడ్డలకిచ్చు వేసవి పనిలో 1957లో ఆ బాలుడు అదే కార్యాలయమున అడుగుపెట్టెను. పెద్దవాడై 1985 నుండి తన సంస్థ రహస్యములను సోవియట్లకు విక్రయించెను. 1994లో పట్టుబడునప్పటికి అతని ద్రోహము వలన పలువురు ప్రాణములు కోల్పోయి యుండిరి. ఇంటిపేరు ఎరుగుట వేరు, మనిషి నెరుగుట వేరు.

కౌటిల్యుడు ఈ సంగతిని ఎన్నడో విచారించెను. మంత్రులుగ నెవరిని నియమింపవలెనను చర్చలో సహాధ్యాయులే మేలని ఒకరు, తాతతండ్రుల నుండి కొలువు చేయుచున్న వంశమువారే మేలని మరియొకరు చెప్పిన మతములను అర్థశాస్త్రమున పేర్కొనెను. చివరకు ఆయన కార్యసామర్థ్యమునే గీటురాయిగ నిలిపెను. అంతతో నూరకుండక, ధర్మము, అర్థము, కామము, భయము అను నాలుగింటితోను అమాత్యులను రహస్యముగ పరీక్షింపవలెనని విధించెను. నమ్మకమునకు పరీక్షయే మార్గము గాని బంధుత్వము మార్గము కాదని ఆ రాజనీతిజ్ఞుని తాత్పర్యము.

ఇచట సందేహము పుట్టవచ్చును. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున ప్రవేశించినది బంధుత్వము వలననే కాదా? మేనమామ బలదేవుడు దండనాయకుడు. ఆయన కుమార్తె గంగాంబిక బసవేశ్వరుని ధర్మపత్ని. బలదేవుని యనంతరము ఆ పదవి బసవేశ్వరునికే లభించినది. ఈ ప్రశ్నను దాటవేయరాదు. పుట్టుక వలన ఎవనికిని పదవి హక్కు కాదు. పుట్టుక వలన ఎవడును పదవికి అనర్హుడును కాడు. బంధువని తెచ్చిపెట్టుట ఎంత యధర్మమో, బంధువని సమర్థుని త్రోసివేయుట అంత యధర్మమే. చూడవలసినది పదవిలోనికి ఏ వాకిట వచ్చెనని మాత్రమే కాదు. లెక్క అడిగిన నాడు ఏమి చేసెనని కూడ.

లెక్క అడిగిన నాటి సంగతిని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కీర్తించెను. బసవన్న రాజధనమును జంగమార్చనలకు వ్యయము చేయుచున్నాడని గిట్టనివారు బిజ్జలునికి చెప్పిరి. రాజు అడిగెను. బసవేశ్వరుడు కోపింపలేదు, తన భక్తిని అడ్డుపెట్టుకొనలేదు, రాజ్యరహస్యమని తలుపు మూయలేదు. భాండారము తెరచి చూపెను. ధనము తక్కువ కాలేదు. ఈ కథను మహిమగ చదువువారు అటులే చదువుదురు గాక. అందొక పాలనానీతి కూడ ఇమిడి యున్నది. నిర్దోషియైన అధికారికి తెరచిన తలుపే రక్ష. మూసిన తలుపు దొంగను కాపాడును, దొరను కాపాడదు.

నేడు రహస్య సంస్థలలో పనిచేయు యోగ్యులకు కలుగుచున్న అన్యాయమిదియే. ఒక అధికారి కుమార్తె తన ప్రతిభతోనే ఉద్యోగము సంపాదించినదనుకొందము. పరీక్ష ఎవరును చూడలేదు గనుక ఆమె జీవితకాలమంతయు తండ్రి పేరును మోయవలసినదే. ఆమె చేసిన ప్రతి మంచి పని వెనుకను ఒక గుసగుస వినబడుచునే యుండును. పక్షపాతము అనర్హునికి అన్నము పెట్టుటతో ఆగదు. అర్హుని గౌరవమును కూడ దోచుకొనును.

అంతకంటె ఘోరమైన దోపిడి వేరొకటి కలదు. సాధారణోద్యోగములో అన్యాయము జరిగినచో ఓడిపోయినవానికి తాను ఓడితినని తెలియును. ఫలితముల పట్టికలో తన సంఖ్య లేదని చూచుకొనును, న్యాయస్థానమునకు పోవును, కనీసము నిట్టూర్చును. ప్రకటన లేని రహస్య నియామకములో నష్టపోయినవానికి తాను నష్టపోయినట్లే తెలియదు. ఏదో మారుమూల పల్లెలో నాలుగు భాషలు నేర్చి, పరులకు చెప్పరాని మాటను గుండెలో దాచుకొనగల పిల్లవాడు ఒకడు ఉండవచ్చును. అట్టి కొలువు ఉన్నదన్న మాటయే వాని చెవిని పడదు. వాని పాలిది వేరొకనికి పోయినది. వాడు ఏడువడు, అడుగడు, శపింపడు. సొమ్ము పోయినట్లు యజమాని ఎరుగని దొంగతనము దొంగతనము కాకపోవునా? దొంగిలింపరాదన్న బసవ బోధకు, పట్టుబడినపుడు మాత్రమే యను షరతు లేదు. అంతరంగ శుద్ధియు బహిరంగ శుద్ధియు వేరు కావన్న ఆయన సిద్ధాంతమునకు ఇచటనే నిజమైన పరీక్ష. పదిమంది చూచుచుండగా నిష్పక్షపాతముగ నుండుట ఎవరికైనను సాధ్యము. ఎవరును చూడని గదిలో, ఎదుట తన అక్క కొడుకు దరఖాస్తు ఉండగా, దానిని వేరొకరి తీర్పునకు వదలి లేచిపోగలవాడే కాయకజీవి.

తప్పు ఇచ్చువానిది మాత్రమే కాదు. పుచ్చుకొనువాని యింటికి కూడ అందు పాలు కలదు. అయ్దక్కి మారయ్య కథ ప్రతి లింగవంతుని యింటను చెప్పుకొనునదే. నేల రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి దాసోహము చేయుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య నిత్యమునకు మించి బియ్యము తెచ్చెను. అవి ఎవరిని కొట్టి తెచ్చినవి కావు. అయినను భార్య లక్కమ్మ సంతోషింపలేదు. అక్కరకు మించినది ఆశ యనియు, అది శివునికి నైవేద్యము కాదనియు హెచ్చరించి, మిగులును తిరిగి ఇచ్చివేయ పంపెను. భార్యల సంఘమని ఒక సంస్థను పరిహసించిన లోకమునకు లక్కమ్మ ఒక్కతె చాలును సమాధానముగ. పదవిలోని భర్త తెచ్చు ప్రతి లాభమునకు ఇల్లాలు చేయి చాచవలెనన్న నియమము లేదు. వలదనునట్టి ఇల్లాలు, ఆ దారిన వచ్చు ఉద్యోగము వలదనునట్టి కొడుకు ఉన్న యింట అధికారి ధర్మము తప్పుట కష్టము.

పని రహస్యమైనంత మాత్రమున ఎంపికయును రహస్యము కానక్కరలేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో తన క్రింది తరగతి అధికారి పదవులకు బహిరంగ ప్రకటన నిచ్చి పోటీపరీక్ష జరుపుచున్నది. అందువలన దాని రహస్యములు వెల్లడి కాలేదు. ఒకప్పుడు పెద్ద విశ్వవిద్యాలయములలో భుజము తట్టి మనుష్యులను పిలుచుకొనిన బ్రిటిష్ విదేశ గూఢచార సంస్థకు 1994లో చట్టబద్ధత ఏర్పడినది; దానిపై పార్లమెంటు సభ్యుల సంఘమొకటి నియమితమైనది. 2006లో ఆ సంస్థయే పత్రికలో ఉద్యోగ ప్రకటన వేసినది. భారతదేశమునను గూఢచార సంస్థలను చట్టపు చట్రములోనికి తెచ్చుటకు 2011లో పార్లమెంటు సభ్యుడొకరు అనధికార బిల్లును ప్రతిపాదించిరి. అది చట్టము కాలేదు. పేర్లు బయటపెట్టకయే పద్ధతిని బయటపెట్టవచ్చును. ఎందరు దరఖాస్తు చేసిరి, ఎవరు పరీక్షించిరి, పరీక్షకునికి అభ్యర్థితో బంధుత్వము కలదా లేదా అను మూడు సంగతులను బయటి విశ్వసనీయులెవరైనను తనిఖీ చేయగలిగినచో చాలును. దేశరహస్యమునకు భంగము రాదు, అపవాదునకు తావుండదు.

దూరపు రాజధానిని విమర్శించుట సులభము. దీపము క్రింది నీడను కూడ చూచుకొనవలెను. మఠముల ఆధ్వర్యమున పాఠశాలలు, కళాశాలలు, విద్యార్థి వసతి గృహములు నడచుచున్నవి. సంఘములకు కార్యవర్గములు గలవు. అచటి ఉపాధ్యాయుని, గుమాస్తాను, వంటవానిని ఎన్నుకొనునపుడు పీటపై కూర్చున్నవారు తమ వారిని గూర్చి లేచి ప్రక్కకు తప్పుకొనుచున్నారా? ఖాళీ యున్నట్లు పేద భక్తుని యింటికి వార్త చేరుచున్నదా? అనుభవ మంటపమున శూన్యసింహాసనము ఏర్పడినపుడు బసవేశ్వరుడు దానిని తాను అధిష్ఠింపలేదు. తన మేనల్లుడైన చెన్నబసవన్న గొప్ప జ్ఞానియైనను ముందుగ ఆయనను కూర్చుండబెట్టలేదు. ఏ బంధుత్వమును లేని అల్లమప్రభువును ఆహ్వానించెను. పీఠములకు ఆదర్శము అదియే.

దేశమును కాచు రహస్యము గౌరవింపదగినది. బంధువును కాచు రహస్యము ఖండింపదగినది. ఈ రెంటికిని గల భేదమును చట్టము కొంతవరకు చెప్పగలదు. మిగిలినదానిని చెప్పవలసినది అంగము మీద లింగమును ధరించినవాని మనస్సు. ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజించువానికి ఎవరును చూడని గది యనునది ఎచటను లేదు.